ఊ కొట్టేవాళ్ళ లెక్క

ఉపన్యాసం విసుగ్గా ఉంటే మనం ఫోన్ తీస్తాం. 1885లో ఫోన్లు లేవు కాబట్టి ఫ్రాన్సిస్ గాల్టన్ చుట్టుపక్కల వాళ్ళ కదలికలు లెక్కపెట్టాడు.

జనం కిక్కిరిసిన ఒక సభలో ఎవరో సుదీర్ఘమైన పత్రం చదువుతున్నారు. గాల్టన్‌కి వినాలనిపించలేదు. ఎదురుగా ఉన్న తలల వైపు చూస్తూ కూర్చుంటే ఒక సంగతి కనబడింది. వినేవాళ్ళు శ్రద్ధగా ఉన్నప్పుడు నిటారుగా, ఒకరికొకరు సమానదూరంలో, కొయ్యబొమ్మల్లా ఉంటారు. విసుగు మొదలయ్యాక ఒకడు ఇటు వాలతాడు, ఒకడు అటు ఒరుగుతాడు, తలల మధ్య దూరాలు మారిపోతాయి. సరే, దీన్ని లెక్కకట్టవచ్చు కదా అనుకున్నాడు. వాచీ చూస్తే పక్కవాళ్ళు గమనిస్తారు. అందుకని తన ఊపిరినే గడియారం చేసుకున్నాడు: నిమిషానికి పదిహేను శ్వాసలు, ఒక్కో శ్వాసకి ఒక్కో వేలు నొక్కడం. అలా చేస్తే మనసులో లెక్కపెట్టడానికి కదలికలు మాత్రమే మిగులుతాయి. ఒక యాభై మంది ఉన్న భాగాన్ని ఎంచుకుని చూస్తే నిమిషానికి 45 దాకా వచ్చాయట. అంటే మనిషికి నిమిషానికి దాదాపు ఒకటి. మధ్యలో ఏదైనా ఆసక్తికరమైన మాట వచ్చినప్పుడు అది సగానికన్నా తగ్గిపోయేది. ఈ ముచ్చటంతా 'నేచర్' పత్రికలో చిన్న వ్యాసంగా వచ్చింది. పేరు 'ది మెజర్ ఆఫ్ ఫిడ్జెట్'. తెలుగులో 'కుదురులేనితనపు కొలత' అనుకోవచ్చు. ఈ లెక్క నడివయసువాళ్ళ మీదే పనిచేస్తుందని కూడా అందులో జాగ్రత్త చెప్పాడు. పిల్లలు ఎప్పుడూ కుదురుగా ఉండరు, ముసలి తత్వవేత్తలేమో నిమిషాల తరబడి కదలకుండా ఉండిపోతారు!

ఈ వ్యాసం చదివితే ఎవరికైనా నవ్వొస్తుంది. నాకూ వచ్చింది. కానీ వృత్తిరీత్యా డాష్‌బోర్డులు కట్టేవాణ్ణి కాబట్టి నవ్వు తర్వాత కొంచెం గౌరవం కూడా కలిగింది. పరికరం లేదు, బడ్జెట్ లేదు, ఎవరి అనుమతీ లేదు. వేళ్ళూ, ఊపిరీ, ఎదుటివాళ్ళ తలలూ. దానితోనే ఒక సంఖ్య రాబట్టాడు, ఆ సంఖ్య ఎక్కడ పనిచేయదో కూడా చెప్పాడు. మేం ఆఫీసులో తయారుచేసే చాలా మెట్రిక్‌లకి ఈ రెండో భాగం ఉండదు.

అయితే ఈ గాల్టనే ఏ ఊళ్ళో ఆడవాళ్ళు ఎంత అందగత్తెలో లెక్కవేసి బ్రిటన్‌కి అందాల పటం గీయాలని చూశాడు. జేబులో కాగితం పెట్టుకుని, ఎవరికీ కనబడకుండా సూదితో చిల్లులు పొడుస్తూ తిరిగాడు. 'యూజెనిక్స్' అన్న మాట పుట్టించింది కూడా ఈయనే, 1883లో. కొలవగలిగిన ప్రతిదాన్నీ కొలిచి, ఆ కొలతతో మనుషుల్ని పైనా కిందా పెట్టడం దాకా వెళ్ళిన బుద్ధి అది. సభలో కదలికల లెక్క ఆ బుద్ధికి ఉన్న అమాయకమైన కొస. రెండు కొసలూ ఒకే తాడువి అన్న సంగతి మాత్రం గుర్తుంచుకోవాలి.

*

ఈ గొడవలోకి నేనెందుకు వచ్చానంటే, పోయినేడాది ఒక కాన్ఫరెన్సు వల్ల. పేరెందుకులెండి. ఇంజనీరింగ్‌లో నా క్లాస్‌మేట్ ఒకడు ఇప్పుడు ప్రొఫెసరు, ఆ కాన్ఫరెన్సు నిర్వాహకుల్లో ఒకడు. మూడు రోజుల సభ, నాలుగు గదుల్లో సమాంతరంగా ప్రసంగాలు. ఈసారి ఒక మొబైల్ యాప్ పెట్టారు. నచ్చిన ప్రసంగాన్ని ముందే గుర్తుపెట్టుకోవచ్చు, గుమ్మం దగ్గర బ్యాడ్జీ స్కాన్ చేస్తారు, అయిపోయాక ఐదు నక్షత్రాల్లో మార్కులు వేయొచ్చు. అంతా అయ్యాక ఆ డేటా మొత్తం నాకు పంపి ఫోన్ చేశాడు.

"ఒరేయ్, ప్రతి టాక్‌కీ ఒక ఎంగేజ్‌మెంట్ స్కోరు కావాలి. ఒకటే నంబరు. రెండుంటే మా పెద్దాళ్ళు చదవరు."

"దాంతో ఏం చేస్తారు?"

"కింద ఉన్నవి వచ్చే ఏడాది తీసేస్తారు."

తీసేయడానికి ముందువరసలో ఉన్నది భారతీయ భాషల ట్రాక్. మూడో రోజు మధ్యాహ్నం, భోజనాల తర్వాత, కారిడార్ చివర ఉన్న గదిలో పెట్టారు. అందులో ఒక పరిశోధక విద్యార్థిని ప్రసంగం ఉంది. ఫోన్‌లో మాట్లాడితే అక్షరాలుగా మార్చే సాఫ్ట్‌వేర్లు ఉత్తరాంధ్ర పల్లెల తెలుగు దగ్గర ఎందుకు తడబడతాయన్నది విషయం. సెలవు పెట్టుకుని వెళ్ళి ఆ ట్రాక్ విన్నాను కాబట్టి ఆ గది నాకు తెలుసు. యాభై కుర్చీలు, పదకొండు మంది. అందులో ఇద్దరు ప్లగ్ పాయింట్ కోసం వచ్చారు. ఆ అమ్మాయి వాళ్ళ ఊరి ముసలివాళ్ళ మాటలు రికార్డు చేసి వినిపించింది, పక్కనే యంత్రం రాసినదీ చూపించింది. మొదట నవ్వులు వచ్చాయి. తర్వాత ఆవిడ ఒక మాట అంది: "ఇది పింఛను ఫిర్యాదు. యంత్రం ఇలా రాసుకుంటే అవతల ఆఫీసులో ఎవరికి అర్థమవుతుంది?" నవ్వులు ఆగిపోయాయి. ప్లగ్ పాయింట్ కోసం వచ్చినవాళ్ళలో ఒకాయన ఫోను వదిలేసి ముందువరసలోకి వచ్చి కూర్చున్నాడు. ప్రశ్నలు టీ టైమ్ దాటి సాగాయి, టీ చల్లారింది.

యాప్‌లో ఈ ప్రసంగం: హాజరు 11, మార్కులు వేసినవాళ్ళు ఇద్దరు, సగటు మూడున్నర.

రెండో రోజు పొద్దున పెద్ద హాల్లో జరిగిన కీలకోపన్యాసానికి నాలుగు వందల పైచిలుకు హాజరు, సగటు నాలుగున్నర దాటింది. ఒకే నంబరు అడిగితే ఏది పైన వస్తుందో చెప్పడానికి నేను అక్కర్లేదు.

*

ఆ నాలుగు వందల్లో ఎవరున్నారో మన కాన్ఫరెన్సులకి వెళ్ళినవాళ్ళకి చెప్పక్కర్లేదు. థర్డ్ ఇయర్ పిల్లల్ని రెండు బస్సుల్లో తెచ్చి కూర్చోబెడతారు. హాజరు వేస్తారు కాబట్టి వాళ్ళు కదలరు. సర్టిఫికెట్ కోసం వచ్చిన లెక్చరర్లు ఉంటారు. పైగా ఆ హాలు గుమ్మం ముందు నుంచే భోజనాల గదికి దారి. కీలకోపన్యాసం అయ్యేసరికి పన్నెండున్నర. అక్కడ బ్యాడ్జీ స్కాన్ చేయించుకున్న ప్రతివాడూ విజ్ఞానం కోసమే వచ్చాడని నమ్మాలంటే మనకి ఆకలి గురించి ఏమీ తెలియకుండా ఉండాలి. ఆ స్కాన్‌లు హెచ్‌ఓడీ గారి ఆజ్ఞనీ, ఏసీ చల్లదనాన్నీ, పప్పు వాసననీ కూడా కొలిచాయి. ఆసక్తి కూడా ఉండే ఉంటుంది. ఎంత అన్నదే తెలియదు.

హాజరు కాకపోతే మార్కులు చూడొచ్చు కదా అంటారు. దానికి పాత కథ ఒకటుంది. 1970లో అమెరికాలో ముగ్గురు పరిశోధకులు మైకేల్ ఫాక్స్ అనే నటుణ్ణి తెచ్చి 'డాక్టర్ మైరన్ ఎల్. ఫాక్స్' అని పరిచయం చేశారు. వైద్యవిద్యలో గేమ్ థియరీ గురించి మాట్లాడించారు. ఆయనకి ఆ విషయం బొత్తిగా తెలియదు. ఒక పత్రికా వ్యాసం నుంచి తయారుచేసిన ప్రసంగం, అందులో కావాలనే ఒకదానికొకటి పొసగని మాటలు, కొత్తగా పుట్టించిన పదాలు, మధ్యమధ్య జోకులు. విన్నవాళ్ళు మానసిక వైద్యులు, మనస్తత్వశాస్త్రజ్ఞులు, సోషల్ వర్కర్లు. అంటే మనుషుల్ని చదవడమే వృత్తిగా ఉన్నవాళ్ళు. చాలామంది మంచి మార్కులు వేశారు. ప్రసంగం తమని ఆలోచింపజేసిందన్నారు. తర్వాత ఆ వీడియో చూసిన ఇంకో రెండు బృందాలదీ అదే వరస. వాళ్ళలో ఒకాయనైతే ఈ డాక్టరు గారి రచనలు ముందే చదివానన్నాడు! 1973లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. అప్పటినుంచీ నేర్పకుండానే మెప్పించడానికి 'డాక్టర్ ఫాక్స్ ఎఫెక్ట్' అని పేరు.

దీన్నిబట్టి వినేవాళ్ళు మూర్ఖులని నేననను. చక్కగా మాట్లాడేవాణ్ణి వింటే సుఖంగా ఉంటుంది, ఆ సుఖానికి మార్కులు వేశారు. అది నిజమైన కొలతే. కాకపోతే జ్ఞానానిది కాదు.

పోనీ మార్కులు కాదు, శరీరాన్నే చూద్దాం, గాల్టన్ లాగా. 2004లో కెనడా వైద్యుల పత్రికలో ముగ్గురు డాక్టర్లు, సదస్సుల్లో ఎంతమంది కునుకుతున్నారో రహస్యంగా లెక్కపెట్టి ఒక వ్యాసం రాశారు. ముందుకి వాలిన తల ఒక్కోటి ఒక్కో ఘటన. మసక వెలుతురు, వెచ్చటి గది, మెత్తటి కుర్చీ, ఒకే స్థాయిలో సాగే గొంతు, ఇవన్నీ ప్రమాద కారణాలు. సరదాకి రాసిందే అయినా ఒక సత్యం ఉంది అందులో: నిద్రకి కారణమైన వాటిలో కొన్ని ప్రసంగంలో ఉండవు, గదిలో ఉంటాయి. మూడో రోజు భోజనం తర్వాత, చివరి గదిలో పెట్టి, జనం రాలేదనడం ఇలాంటిదే.

శరీరాన్ని చూసే పని యంత్రానికి ఇస్తే ఎలా ఉంటుందో కూడా చూశాం. జూమ్‌లో ఒకప్పుడు ఒక సదుపాయం ఉండేది. మీటింగులో ఎవరైనా స్క్రీన్ పంచుకుంటున్నప్పుడు మీ జూమ్ విండో అర నిమిషానికి మించి వెనక్కి వెళితే హోస్టుకి మీ పేరు పక్కన గుర్తు కనబడేది. 2020 ఏప్రిల్‌లో, ప్రపంచమంతా జూమ్‌లోకి వచ్చిపడిన వేళ, విమర్శలు రావడంతో దాన్ని తీసేశారు. నేను శ్రద్ధగా వినేటప్పుడే ఇంకో విండోకి పోతాను, చెప్తున్నవాళ్ళ పేపరు వెతుక్కోవడానికి. ఆ సదుపాయం దృష్టిలో నేను పరధ్యానం మనిషిని. కళ్ళు తెరమీద పెట్టి మనసులో కూరగాయల జాబితా రాసుకునేవాడు శ్రోత.

*

ఇంత చెప్పాక కొలవడమే దండగ అంటానని మీరనుకోవచ్చు. అనను. ప్రశ్న స్పష్టంగా ఉంటే కొలత బాగానే పనికొస్తుంది. 2013లో పారిస్‌లో జరిగిన సీహెచ్‌ఐ కాన్ఫరెన్సుకి 'కోబీ' అనే పద్ధతి వాడారు. ఏ ప్రసంగం దేనితో కలుస్తుంది, ఎవరికి ఏవేవి వినాలని ఉంది అన్నది సభ్యుల దగ్గరే ముందుగా సేకరించి, ఒకే మనిషి వినాలనుకునే రెండు ప్రసంగాలు ఒకే వేళకి పడకుండా షెడ్యూలు తయారుచేశారు. అక్కడ ఎవరూ 'ఏది గొప్పది' అని అడగలేదు. 'ఏ రెండూ ఢీకొనకూడదు' అని అడిగారు. ఆసక్తిని మార్కుగా కాక దారిగా వాడుకున్నారు.

2009లో ఇటలీలోని టురిన్‌లో జరిగిన హైపర్‌టెక్స్ట్ కాన్ఫరెన్సులో ఇంకో రకం. వచ్చినవాళ్ళ ఛాతీమీద చిన్న రేడియో బ్యాడ్జీలు పెట్టారు. మన ఒంట్లోని నీరు ఆ తరంగాల్ని అడ్డుకుంటుంది కాబట్టి ఇద్దరు ఎదురెదురుగా, ఒకటి రెండు మీటర్ల లోపు నిలబడినప్పుడే అవి ఒకదాన్నొకటి పసిగడతాయి. ఇరవై సెకన్ల చొప్పున ఎవరు ఎవరికి ఎదురుగా ఉన్నారో నమోదైంది. ఇలాంటి డేటాలో గీతలు పైకి లేచేది కాఫీ విరామాల్లో, భోజనాల వేళల్లో. కాన్ఫరెన్సులకి వెళ్ళే ఎవర్నడిగినా ఇదే చెప్తారు. కానీ అనుభవంగా చెప్పుకునేదానికీ గీతగా చూపించగలగడానికీ తేడా ఉంది. విరామాన్ని పది నిమిషాలకి కుదించేద్దామనే నిర్వాహకుడికి ఈ గీత చూపించొచ్చు.

అన్నిటికీ ఒకటే తేడా. కొలిచినవాళ్ళు మొదట తమకి ఏం తెలియాలో చెప్పుకున్నారు. మా వాడు అడిగిన ఎంగేజ్‌మెంట్ స్కోరులో ఆ ప్రశ్న లేదు. జవాబు మాత్రం కావాలి.

*

మన దగ్గర వినేవాళ్ళ ఆసక్తి కనిపెట్టే పద్ధతులు లేకపోలేదు. పద్యనాటకాల్లో 'వన్స్ మోర్' ఉండేది. చచ్చిపోయిన పాత్ర లేచి, పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చచ్చిపోయిన కథలు ఇప్పటికీ చెప్పుకుంటారు. బుర్రకథలో వంతలు 'తందాన తాన' అంటూనే మధ్యలో జనం అడగాల్సిన ప్రశ్నలు తామే అడుగుతారు. అన్నిటికన్నా సున్నితమైనది ఇంట్లో ఉంది: ఊ కొట్టడం. రాత్రి కథ చెప్పేటప్పుడు మా నాయనమ్మ ప్రతి వాక్యం చివరా ఆగేది. మేము 'ఊ' అనాలి. ఊ గట్టిగా ఉంటే కథ పరిగెత్తేది. ఊ సాగితే రాక్షసుణ్ణి ముందే ప్రవేశపెట్టేది. ఊ ఆగిపోతే, దుప్పటి కప్పి వెళ్ళిపోయేది. కొలత, దాన్నిబట్టి దిద్దుకోవడం, రెండూ ఒకే మనిషి చేతిలో, ఆ క్షణంలోనే. ఆ లెక్క ఎక్కడా దాచలేదు. దానితో వచ్చే ఏడాది ఏ కథ తీసేయాలో తీర్మానించలేదు.

అసలు తెలుగులో 'అవధానం' అంటేనే శ్రద్ధ. ఎనిమిది మంది పృచ్ఛకులు ఎనిమిది వైపుల నుంచి లాగుతుంటే అవధాని మనసు చెదిరిందా లేదా అన్నది సభంతా చూస్తుంది. ఒకరు గంట కొడతారు, ఒకరు అప్రస్తుతం మాట్లాడతారు. చివర్లో ధారణ. అంతసేపూ ముక్కలుముక్కలుగా చెప్పిన పద్యాలన్నీ వరసగా అప్పజెప్పాలి. ముఖంలో ఏకాగ్రత కనబడిందా, నిటారుగా కూర్చున్నాడా అని ఎవరూ మార్కులు వేయరు. నిలిచిందా లేదా, అంతే.

వక్తకి కాదు గానీ, శ్రోతకి ఈ ధారణ పరీక్ష పెడితే? ఈ ఆలోచనే మా వాడికి చెప్పాను. సభ అయ్యి అప్పటికి మూడు వారాలయింది. వచ్చినవాళ్ళందరికీ ఒకే ప్రశ్నతో ఈమెయిల్ పంపమన్నాను: "మీరు విన్నవాటిలో ఇప్పుడు ఏం గుర్తుంది? ఒక వాక్యం చాలు." నక్షత్రాల్లేవు, డ్రాప్‌డౌన్ లేదు.

"ఎవడు రాస్తాడ్రా?" అన్నాడు. నిజమే, ఎక్కువమంది రాయలేదు. నాలుగు వందల మంది విన్న ఉపన్యాసం గురించి పంతొమ్మిది జవాబులొచ్చాయి. ఏడెనిమిది మంది అందులోని అసలు వాదాన్ని చక్కగా ఒక్క వాక్యంలో చెప్పారు. అంటే ఆ ప్రసంగం డాక్టర్ ఫాక్స్ బాపతు కాదు. మిగతావాళ్ళలో ఎక్కువమందికి మొదట్లో చెప్పిన జోకు గుర్తుంది. నక్షత్రాల్లో మూడో స్థానంలో ఉన్న ఒక ప్రసంగం గురించి ఒక్కరూ రాయలేదు. చివరి గదిలోని ఆ పదకొండు మందిలో నలుగురు రాశారు. నలుగురూ ఆ పింఛను ఫిర్యాదు గురించే. ఒకావిడ తమ కాల్ సెంటర్ రికార్డింగుల్లో ఇదే వెతికి చూడటం మొదలుపెట్టానని రాసింది.

దీన్ని నేను రుజువుగా చూపించడం లేదు. నలుగురనేది చిన్న సంఖ్య. ఆ గదికి కావాలని వెళ్ళినవాళ్ళు ముందే ఆ విషయం పట్టినవాళ్ళు, వాళ్ళకి గుర్తుండటంలో వింత లేదు. పంతొమ్మిది మంది కూడా జవాబు రాసే ఓపిక ఉన్నవాళ్ళే. ఈ పరిమితులన్నీ నివేదికలో రాశాను. ఎంగేజ్‌మెంట్ స్కోరు మాత్రం ఇవ్వలేదు. బదులుగా ప్రతి ప్రసంగానికీ నాలుగు గళ్ళు: రావాలనుకున్నవాళ్ళు, వచ్చినవాళ్ళు, మెచ్చినవాళ్ళు, గుర్తుపెట్టుకున్నవాళ్ళు. పక్కన ఏ రోజు, ఏ వేళ, ఏ గది, ఎదురుగా ఏ ప్రసంగం నడుస్తోంది అన్నది. గళ్ళని కూడి ఒకటి చేయడానికి నా దగ్గర సూత్రం లేదనీ, ఎవరి దగ్గరైనా ఉంటే ఏ గడికి ఎంత బరువిచ్చారో, ఎందుకిచ్చారో దాని కిందే రాయమనీ చివర్లో చేర్చాను.

మా వాడు చదివి, "ఇది నంబరు కాదురా, తద్దినం," అన్నాడు. తర్వాత రెండు వారాలు ఫోను లేదు. కమిటీలో ఎవరో ఆ నాలుగు గళ్ళనీ కూడి నాలుగుతో భాగించారని తర్వాత తెలిసింది. అలా చేసినా చివరి గడి వల్ల ఆ ట్రాక్ అట్టడుక్కి పోలేదట. సగటు తీసినవాళ్ళే ఆశ్చర్యపోయి వేళలు ఉన్న కాలమ్ చూశారు.

ఈ ఏడాది షెడ్యూలు వచ్చింది. భారతీయ భాషల ట్రాక్ ఉంది. రెండో రోజు పొద్దున పదిన్నరకి, టీ బల్లకి పక్కనే. గది మాత్రం ఇరవై కుర్చీలది ఇచ్చారు. అందులో పదకొండు మంది కూర్చుంటే సగానికి పైగా నిండినట్టే.